డిస్కు పోయాక కొట్టే మొదటి కమాండ్

మాఘమాసం పెళ్లిళ్ల రోజులు. రాత్రి పదకొండు దాటాక గవర్నర్‌పేట నుంచి ఫోనొచ్చింది. పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో అది. ఫైళ్లు దాచుకోవడానికి నాలుగు డిస్కుల సర్వర్ ఒకటి పెట్టుకున్నారు. ఒక్కో డిస్కు 4 టెరాబైట్లు. ఇలా కలిసి ఒకే డిస్కులా పనిచేసే గుంపును అర్రే అంటారు.

"అన్నా, నిన్న ఒక డిస్కు పోయింది. ఇవాళ సర్వర్ ఆపి కొత్తది వేశాను. మళ్లీ ఆన్ చేస్తే అర్రే లేవట్లేదు. నెట్‌లో చూసి క్రియేట్ కొట్టాను. రెండు గంటల్నుంచి ఏదో నడుస్తోంది, ఇరవై అయిదు శాతం అయింది. ఫోల్డర్లు మాత్రం ఒక్కటీ కనపడట్లేదు" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు.

"తమ్ముడూ, ముందు దాన్ని ఆపు. మిషన్ ఆఫ్ చెయ్. నిన్న తీసేసిన డిస్కు ఎక్కడుంది?"

"వారంటీకి పంపుదామని కవర్లో పెట్టానన్నా."

"దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు. పొద్దున్నే వస్తున్నా."

పోయింది ఒక్క డిస్కు. ఒకటి పోయినా తట్టుకోవాలనే కదా నాలుగు పెట్టుకున్నది! డిస్కు పోయినప్పుడు నిజానికి ఒక్క ఫొటో కూడా పోలేదు. పోవడం మొదలైంది మర్నాటి రాత్రి, కీబోర్డు మీద. పన్నెండేళ్లుగా విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి సర్వర్లు చూస్తున్నాను. నా దగ్గరికొచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఇదే కథ. అందుకే ఈ విషయాన్ని కాస్త తీరిగ్గా విప్పి చెప్పాలనిపించింది.

ముందు అసలు ఏర్పాటు ఏమిటో చూద్దాం. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కుకు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి, ఒకటి పోయినా పని ఆగకుండా చూసుకోవచ్చన్న ఆలోచనకు రెయిడ్ అన్న పేరు పెట్టింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్. వాళ్ల పరిశోధనా పత్రం 1988లో వచ్చింది. అందులో ఉన్న లెవెల్ 5 పద్ధతే మన చిన్న వ్యాపారాల్లో ఎక్కువగా కనపడుతుంది. స్టూడియోలో ఉన్నదీ అదే.

లెవెల్ 5 అర్థం కావాలంటే గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం చిట్టా తలుచుకోండి. మూడు లాట్లకు మూడు బరువులు: 42, 38, 45. కింద మొత్తం 125. మధ్యలో ఉన్న 38 మీద టీ ఒలికి చెరిగిపోయింది. కంగారేమీ లేదు, 125 లోంచి మిగతా రెండూ తీసేస్తే 38 వచ్చేస్తుంది. మొత్తమే చెరిగిపోతే మళ్లీ కూడుకుంటాం. రెండు అంకెలు చెరిగితే మాత్రం చేసేదేమీ లేదు. డిస్కుల్లో ఈ 'మొత్తం' పేరు పారిటీ. అక్కడ ఉన్నవన్నీ సున్నాలూ ఒకట్లే కాబట్టి కూడిక ఇంకా తేలిక. వరసలో ఒకట్ల సంఖ్య బేసి అయితే పారిటీ 1, సరి అయితే 0. నాలుగు డిస్కుల్లో ఒక డిస్కంత చోటు పారిటీకే పోతుంది. అందుకే 16 టెరాబైట్లు కొంటే వాడుకోవడానికి 12 మిగులుతాయి.

చిట్టాకూ దీనికీ తేడా ఒకటుంది. మొత్తాలన్నీ ఒకే డిస్కు మీద రాయరు. డేటాను ముక్కలు చేసి (ఈ సర్వర్‌ను నడిపే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలుగా ఒక్కో ముక్క 512 కిలోబైట్లు) ఒక వరస పారిటీని ఒక డిస్కు మీద, తర్వాతి వరస పారిటీని ఇంకో డిస్కు మీద వంతులవారీగా రాస్తారు. కాబట్టి ఏ డిస్కు ఎన్నో స్థానంలో ఉందో, ముక్క సైజు ఎంతో, డేటా ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. తెలియకపోతే అక్షరాలన్నీ డిస్కుల మీద భద్రంగానే ఉంటాయి, చదవడమే కుదరదు. కుట్టు ఊడిన పుస్తకం పేజీల మీద నంబర్లు లేనట్టే.

ఆ నంబర్లు ఎక్కడుంటాయన్నదే ఈ కథకు కీలకం. లినక్స్‌లో అర్రేలు కట్టే కమాండ్ టూల్ ఎండీఆడమ్. ఎం, డీ, ఏ, డీ, ఎం అనే అయిదు అక్షరాలు. (ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు అన్నీ చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలు.) ఆస్ట్రేలియాకు చెందిన నీల్ బ్రౌన్ దీన్ని 2001లో మొదలుపెట్టారు. అంతకుముందున్న రెయిడ్‌టూల్స్‌లో అర్రే వివరాలన్నీ కంప్యూటర్లో ఒక ఫైల్లో రాసిపెట్టుకోవాల్సి వచ్చేది. ఎండీఆడమ్ అలాంటి ఫైలు లేకపోయినా నడుస్తుంది. ప్రతి డిస్కు మీదా సూపర్‌బ్లాక్ అనే చిన్న చోటు ఉంటుంది, వివరాలు అందులోంచే తీసుకుంటుంది. ఈ డిస్కు ఏ అర్రేకు చెందింది, ఎన్నో స్థానం, ముక్క సైజెంత, డేటా ఎక్కడ మొదలు, చివరిసారి ఎప్పుడు రాశారు, అన్నీ అక్కడే. అది ఆ డిస్కు జాతకం అనుకోండి. అందుకే సర్వర్ మదర్‌బోర్డు కాలిపోయినా ఆ డిస్కులు తీసి ఇంకో లినక్స్ మిషన్లో పెడితే అర్రే మళ్లీ లేచి నిలబడుతుంది. ఖరీదైన రెయిడ్ కార్డులకు ఈ వీలు తక్కువ. కార్డు పోతే చాలాసార్లు అదే రకం కార్డు కోసం వెతుక్కోవాలి. మన ఊళ్లలో చిన్న ఆఫీసులకు నేను సాఫ్ట్‌వేర్ రెయిడే మేలనడానికి ఇదే కారణం.

ఇప్పుడు ఆ కుర్రాడు ఏం చేశాడో చూడండి. అర్రేను లేపడానికి ఎండీఆడమ్‌లో రెండు మాటలున్నాయి. ఒకటి --అసెంబుల్, ఇంకొకటి --క్రియేట్. అసెంబుల్ అంటే ఉన్న జాతకాలు చదివి, వాటి ప్రకారం డిస్కుల్ని ఒకచోట కూర్చోబెట్టడం. క్రియేట్ అంటే పాత జాతకాలు చెరిపి కొత్తవి రాయడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, స్క్రీన్ మీద రెండూ "స్టార్టెడ్" అనే చెబుతాయి. ఒకటి పాత ఇంటి తాళం తీయడం, ఇంకొకటి ఆ స్థలంలోనే కొత్త ఇంటికి ముగ్గు పోయడం.

క్రియేట్ కొట్టగానే ఎండీఆడమ్ ఊరుకోదు. ఈ డిస్కులు ఇప్పటికే ఒక అర్రేలో ఉన్నట్టున్నాయి, అయినా కట్టమంటావా అని అడుగుతుంది. మనవాడు వై నొక్కాడు. ఆ రాత్రి వాడి స్థితిలో ఎవరైనా నొక్కుతారేమో. యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు, మర్నాడు పొద్దున ఒక పెళ్లివాళ్లకు ఆల్బమ్ చూపించాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లెవెల్ 5 అర్రే కొత్తగా కట్టేటప్పుడు ఎండీఆడమ్ మనం ఇచ్చిన డిస్కుల్లో చివరిదాన్ని ఖాళీ డిస్కుగా లెక్కేస్తుంది. మిగతావాటిని చదివి, లెక్క సరిపోయేలా దాని మీద రాసుకుంటూ పోతుంది. నిజంగా కొత్త డిస్కులైతే అది వేగంగా అయ్యే పద్ధతి. మనవాడు నాలుగు డిస్కులూ వరసగా ఇచ్చాడు. అందులో ఖాళీది మూడోది. నాలుగోదాన్నిండా పెళ్లిళ్లే. ఎండీఆడమ్ మొదటి మూడూ చదివి, అంటే రెండు మంచి డిస్కుల్నీ ఒక ఖాళీ డిస్కునీ కలిపి లెక్కకట్టి, ఆ ఫలితాన్ని నాలుగో డిస్కు మీద రాయడం మొదలెట్టింది. రెండు గంటల్లో సుమారు 1 టెరాబైటు మేర మంచి డేటా మీద చెత్త లెక్క పరుచుకుపోయింది. చిట్టాలో ఒక అంకె చెరిగి ఉండగా ఇంకో అంకె మనమే కొట్టేసినట్టయింది.

మరేం చెయ్యాల్సింది? ముందు చూడాలి. ఎండీఆడమ్ చుట్టూ ఉన్న కమాండ్లను నేను రెండు కుప్పలుగా చూస్తాను: చూసేవి, రాసేవి. చూసేవాటిని వందసార్లు కొట్టినా డిస్కు మీద ఒక్క అక్షరం మారదు. వాటిలో మొదటిది క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్. ప్రతి అర్రేకూ రెండు మూడు వరసలొస్తాయి, చివర చతురస్ర బ్రాకెట్లలో నాలుగు గుర్తులుంటాయి. నాలుగూ ఇంగ్లీషు పెద్ద యూ అక్షరాలైతే అందరూ డ్యూటీలో ఉన్నారన్నమాట. ఒక యూ బదులు అండర్‌స్కోర్ గీత కనపడితే ఆ స్థానంలో డిస్కు లేదు. రీబిల్డ్, అంటే లేని డిస్కులోని డేటాను లెక్కకట్టి కొత్త డిస్కు మీద రాయడం, నడుస్తుంటే ఎంత శాతం అయింది, ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుంది అన్నదీ అక్కడే ఉంటుంది.

రెండోది ఎండీఆడమ్ --డీటెయిల్ /డెవ్/ఎండీ0. ఇది నడుస్తున్న అర్రే పరిస్థితి చెబుతుంది. మూడోది ఎండీఆడమ్ --ఎగ్జామిన్, దానికి ఒక్కో డిస్కు పేరివ్వాలి. ఇది ఆ డిస్కు జాతకం చదివి వినిపిస్తుంది. అర్రే లేవనప్పుడు డీటెయిల్ పెద్దగా చెప్పేదేమీ ఉండదు, ఎగ్జామిన్ ఒక్కటే దిక్కు. అందులో ఈవెంట్స్ అనే అంకె ఉంటుంది. అర్రే స్థితి మారినప్పుడల్లా, బతికున్న డిస్కులన్నిటి మీదా అది పెరుగుతూ ఉంటుంది. మూడు డిస్కులు 48213 చూపిస్తూ నాలుగోది 47950 దగ్గర ఆగిపోయి ఉంటే, నాలుగోదే ముందుగా బయటికి పోయిందని అర్థం. హాజరు పట్టీ లాంటిదే ఇది. ఎవరు ఎప్పటినుంచి రావట్లేదో అబద్ధం లేకుండా చెబుతుంది.

స్టూడియోలో ఆ రాత్రి ఈ ఎగ్జామిన్ కొట్టి ఉంటే మూడు డిస్కుల అంకెలూ సమానంగా ఉన్నాయని కనపడేది. అప్పుడు ఎండీఆడమ్ --స్టాప్ /డెవ్/ఎండీ0, ఆ వెంటనే ఎండీఆడమ్ --అసెంబుల్ --రన్ /డెవ్/ఎండీ0, చివర ఆ మూడు డిస్కుల పేర్లు. అంతే. ఒక డిస్కు లేకుండానే లేపమని ఆ --రన్ చెబుతుంది. ఫోల్డర్లు కనపడేవి. అప్పుడు తీరిగ్గా ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --యాడ్ అని కొత్త డిస్కును చేరిస్తే, రాత్రంతా రీబిల్డ్ దానంతటదే నడిచేది. మూడు కమాండ్ల పని.

మొరాయిస్తున్న డిస్కు ఇంకా అర్రేలోనే ఉంటే ముందు --ఫెయిల్, తర్వాత --రిమూవ్, ఆపైన దాన్ని పెట్టెలోంచి తీయడం. కమాండ్లు తేలికే, కష్టమంతా ఏ డిస్కు తీయాలో తెలుసుకోవడంలో ఉంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు ఆ డిస్కులకు పుట్టుకతో వచ్చినవి కావు. కంప్యూటర్ లేచినప్పుడు ఏది ముందు పలికితే దానికి ముందు పేరు. ఈరోజు ఎస్‌డీసీ అయినది రీబూట్ తర్వాత ఎస్‌డీబీ కావచ్చు. గుంటూరు కొత్తపేటలో ఒక స్కాన్ సెంటర్‌లో ఎడమనుంచి మూడోదే ఎస్‌డీసీ అనుకుని మంచి డిస్కు లాగేశారు. అప్పటికే ఒకటి పోయి ఉన్న అర్రే అది, మొత్తం కుప్పకూలింది. (అది --అసెంబుల్ --ఫోర్స్‌తో తిరిగొచ్చింది, ఎందుకంటే లాగాక ఇంకేమీ ముట్టుకోకుండా ఫోన్ చేశారు.) నమ్మాల్సింది డిస్కు మీద అచ్చేసిన సీరియల్ నంబర్నే. /డెవ్/డిస్క్/బై-ఐడీ ఫోల్డర్లో ఏ పేరుకు ఏ సీరియల్ నంబరో కనపడుతుంది. పెట్టె తెరిచాక ఆ నంబరు డిస్కు లేబుల్ మీద చదివి, పక్కనున్న మనిషితో ఇంకోసారి చదివించి, అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

మళ్లీ గవర్నర్‌పేటకు వద్దాం. నేను పాత డిస్కు గురించి ఎందుకు అడిగానంటే, అర్రేలోంచి బయటపడ్డ డిస్కు ప్రతిదీ చచ్చిన డిస్కు కాదు. చదవలేని ఒక చోటు తగిలితే మామూలు డెస్క్‌టాప్ డిస్కు పట్టువదలని విక్రమార్కుడిలా అక్కడే నిమిషాల కొద్దీ ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. లినక్స్ కెర్నెల్ దాని కోసం మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. జవాబు లేకపోతే డిస్కు పోయిందని తేల్చేస్తుంది. ఒక్క సెక్టార్ (డిస్కు మీద చిన్న గడి) కోసం మొత్తం డిస్కును బయటికి నెట్టేయడం అన్నమాట. ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టె) కోసం చేసిన డిస్కులైతే సుమారు 7 సెకన్లలో "ఇది నావల్ల కాదు" అని చెప్పేస్తాయి. అప్పుడు పారిటీ నుంచి ఆ ముక్క లెక్కకట్టి మళ్లీ రాసేస్తారు, డిస్కు డ్యూటీలోనే ఉంటుంది. డిస్కు కొనేటప్పుడు వెయ్యి రెండు వేలు మిగులుతాయని డెస్క్‌టాప్ రకం తీసుకునేవాళ్లకు నేను ప్రతిసారీ ఈ సంగతి చెబుతాను. స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్‌తో ఆ 7 సెకన్ల గడువు పెట్టుకోవచ్చు, కానీ ఆ సౌకర్యం అన్ని డిస్కులకూ ఉండదు.

కవర్లో ఉన్న పాత డిస్కు సరిగ్గా అలాంటిదే. చెడిన డిస్కు నుంచి వచ్చినంత డేటా కాపీ చేసే డీడీరెస్క్యూ అనే టూల్‌తో దాన్ని ఇంకో డిస్కు మీదికి ఎత్తితే, కొన్ని సెక్టార్లు తప్ప అంతా వచ్చింది. అంతకన్నా పెద్ద ఊరట ఇంకోటి. క్రియేట్ దెబ్బ తగలని జాతకం ఆ ఒక్క డిస్కు మీదే మిగిలింది. ముక్క సైజు, డేటా మొదలయ్యే చోటు, తన స్థానం, అన్నీ చెప్పింది. డేటా మొదలయ్యే చోటు చిన్న విషయం కాదు. ఎండీఆడమ్ వెర్షన్ మారితే అది మారవచ్చు. పాత అర్రేకున్న అంకె తెలియకుండా కట్టుకుంటూ పోతే అన్నీ సరిగా ఇచ్చినా చెత్తే కనపడుతుంది.

ఇక మిగిలింది చిట్టా లెక్కే. మొదటి రెండు డిస్కులూ బాగున్నాయి. మూడోదానికి పాత డిస్కు నకలు ఉంది. నాలుగోది చెడింది కాబట్టి దాన్ని లేనట్టే అనుకున్నాం. మూడు ఉంటే నాలుగోది లెక్కలోంచి వస్తుంది. ఇక్కడ వాడాల్సిందీ --క్రియేట్ కమాండే, డిస్కుల మీద కొత్తగా లెక్కకట్టి రాయొద్దని చెప్పే --అస్యూమ్-క్లీన్ అన్న మాట జోడించి, చెడిన డిస్కు స్థానంలో మిస్సింగ్ అని రాసి. ఒక డిస్కు స్థానం జాతకంలో తెలిసింది కనుక మిగతా మూడు స్థానాల్లో రెండు డిస్కులూ ఒక ఖాళీ కూర్చునే పద్ధతులు ఆరే. ఆ ఆరింటినీ అసలు డిస్కుల మీద ప్రయత్నించకూడదు. ఓవర్‌లే అనే ఏర్పాటు ఉంది. డిస్కును చదవనిస్తుంది, రాతలన్నీ వేరే ఫైల్లోకి మళ్లిస్తుంది. తప్పు చేస్తే ఆ ఫైలు చెరిపేసి మళ్లీ మొదలెట్టవచ్చు. పలక మీద దిద్దినట్టే. ప్రతి వరస కట్టాక ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే అనే షరతుతో మౌంట్ చేసి, పెద్ద వీడియో ఒకటి మొదటినుంచి చివరిదాకా ఆడించి చూశాం. చిన్న ఫొటో చూసి నమ్మకూడదు. అది ఒకే ముక్కలో ఇమిడిపోతే వరస తప్పైనా తెరుచుకుంటుంది.

దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. పాత డిస్కు బయటపడ్డాక ఒక రోజంతా అర్రే మూడింటి మీదే నడిచింది కాబట్టి, ఆ రోజు చేర్చిన ఫైళ్లు మాత్రం చెడ్డాయి. అవింకా కెమెరా కార్డుల్లోనే ఉన్నాయి. కుర్రాడు కొత్త అర్రేను ఫార్మాట్ చేసి ఉంటే ఈ కథ ఇంత సులువుగా తేలేది కాదు. వారంటీ కవరు కొరియర్‌కు వెళ్లిపోయి ఉన్నా అంతే.

అసలు అర్రే సక్రమంగా రీబిల్డ్ అవుతున్నప్పుడు కూడా గండం ఒకటుంటుంది. 4 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపినా ఏడున్నర గంటలు. మధ్యలో ఎడిటింగ్ కూడా నడుస్తుంటే ఒకటి రెండు రోజులు. ఆ సమయమంతా మిగతా మూడు డిస్కులూ ఆగకుండా మొదటినుంచి చివరిదాకా, మొత్తం 12 టెరాబైట్లు చదవాలి. చాలా డెస్క్‌టాప్ డిస్కుల వివరాల్లో 10 టు ది పవర్ 14 బిట్లకు ఒక్క చోటుకు మించి చదవలేకపోవడం జరగదని రాసి ఉంటుంది. అంటే సుమారు 12.5 టెరాబైట్లు. నిజంలో చాలా డిస్కులు అంతకన్నా మెరుగ్గానే పనిచేస్తాయి, కానీ లెక్క ఎంత దగ్గరగా ఉందో చూడండి. పైగా ఒకేసారి కొన్న డిస్కులకు వయసూ ఒకటే. రోహిణి కార్తెలో విజయవాడలో ఏసీ లేని గదిలో ఈ పని పెట్టుకుంటే రెండో డిస్కు కూడా మొరాయించే అవకాశం పెంచినట్టే. పెద్ద డిస్కులు నాలుగు దాటితే నేను లెవెల్ 6 పెట్టమంటాను. రెండు డిస్కుల చోటు పోతుంది, ఏ రెండు పోయినా నిలబడుతుంది. స్టెప్నీ లాగా ఒక ఖాళీ డిస్కును ముందే బిగించి ఉంచడమూ మంచిదే. ఒకటి పోగానే మనం నిద్రపోతున్నా రీబిల్డ్ మొదలవుతుంది.

చదవలేని చోట్లు రీబిల్డ్ రోజున బయటపడకుండా ముందే పట్టుకోవడానికి నెలనెలా చెక్ ఉంటుంది. డెబియన్ అనే లినక్స్ రకంలో ఇది నెలలో మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది. ఆ రోజు సర్వర్ నెమ్మదించిందని దాన్ని ఆపేసినవాళ్లను చూశాను. ఆపకండి. అలాగే ఎండీఆడమ్ --మానిటర్ డిస్కు పోగానే మెయిల్ పంపుతుంది. మెయిల్ చూసే అలవాటు లేకపోతే, మనం చెప్పిన చిన్న ప్రోగ్రామ్ నడిపేలా పెట్టుకోవచ్చు. నేను పెట్టే సర్వర్లలో అది నా ఫోనుకు మెసేజ్ పంపుతుంది. డిస్కు పోయి ఆరు నెలలైనా తెలియక, రెండోది పోయాక ఫోన్ చేసినవాళ్లు నాకు ముగ్గురున్నారు.

ఇంత చెప్పినా రెయిడ్ బ్యాకప్ కాదు. ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల మీదనుంచీ అదే క్షణంలో పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీళ్లలో రోజుల తరబడి ఉన్నప్పుడు, కింది అంతస్తుల్లో నీళ్లు చేరిన పెట్టెల్లో ఎన్ని డిస్కులుంటే మాత్రం ఏం? పారిటీ లెక్క ఒక డిస్కును కాపాడుతుంది, బురదలో మునిగిన నాలుగింటిని కాదు. రెండో కాపీ వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్లో ఉండాలి.

స్టూడియోవాళ్ల రెండో కాపీ ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో, యజమాని బావగారింట్లో ఉంది. వారానికోసారి పట్టుకెళ్లి మార్చుకొస్తారు. సర్వర్ తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించారు. నాలుగు సీరియల్ నంబర్లు, ఒక్కోదాని స్థానం, ఎగ్జామిన్ చెప్పిన ముక్క సైజు, డేటా మొదలయ్యే చోటు. దాని కింద ఆ కుర్రాడే తన చేత్తో ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాడు: ముందు ఎండీస్టాట్, తర్వాత ఎగ్జామిన్, తర్వాత అన్నకి ఫోన్.